మొహం చూపే రాయి బరువు మోస్తే: గ్లాస్టర్‌షైర్‌లో ఒక పెట్టె సమాధి మరమ్మతు

ఇంగ్లండులో ఒక పల్లెటూరి చర్చి ఆవరణలోని పాత రాతి సమాధి అది. దక్షిణం వైపు పలక నడుము దగ్గర బయటికి ఉబ్బి ఉంది. దాని కుడి మూల మూడు ముక్కలైంది. పైపలక పడమటికి కుంగింది. చుట్టూ కర్రలు పాతి ఎరుపు తెలుపు టేపు కట్టారు. చర్చి వ్యవహారాలు చూసే వార్డెన్, డెబ్బై దాటిన పెద్దావిడ, మరమ్మతు కోసం వచ్చిన నన్ను గడ్డిలోంచి అక్కడికి నడిపించుకెళ్లి ఒక్కటే అడిగారు. "ఇది పడిపోతుందా? బడి పిల్లలు ఈ దారినే వెళ్తారు."

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఏ రాయి దేని మీద ఆని నిలబడిందో తెలియకుండా ఏ కట్టడం గురించీ మాట ఇవ్వకూడదు. ఆ రోజు నాకది తెలియలేదు. ఆ తర్వాత మూడు నెలల పాటు తెలుసనుకున్నాను, అదీ తప్పే. ఈ కేసులో నేను చెప్పదలచుకున్నదంతా ఆ తప్పు చుట్టూనే ఉంది. ఊరి పేరూ కుటుంబం పేరూ మాత్రం రాయడం లేదు, వారసులు ఎక్కడైనా ఉండి ఉండవచ్చు.

ఇంగ్లండ్ పల్లెటూరి చర్చి ఆవరణల్లో కలిగిన కుటుంబాలు కట్టించుకున్న ఇలాంటి రాతి కట్టడాన్ని 'చెస్ట్ టూమ్' అంటారు. మనం పెట్టె సమాధి అందాం. కింద పీఠం, దాని మీద నిలువుగా నాలుగు పలకలు, వాటి మీద అంచులు చెక్కిన ఒక బరువైన పైపలక. చూసినవాళ్లంతా మనిషి ఆ పెట్టెలోనే ఉన్నాడనుకుంటారు. లేడు. దేహం కింద మట్టిలోనో, ఇటుకలతో కట్టిన గుంటలోనో ఉంటుంది. పెట్టె లోపలంతా ఖాళీ, లేదా రాతి తుక్కు. అంటే ఇది గదిలేని ఇల్లు లాంటిది. ఇల్లు ఎలా చెడుతుందో ఇదీ అలాగే చెడుతుంది: పునాది జారి, కప్పు బరువు గోడల మీద పడి, సందుల్లోంచి నీళ్లు దిగి.

మేం పనిచేసిన పెట్టె పైపలక పొడవు 2.1 మీటర్లు, వెడల్పు 95 సెంటీమీటర్లు, మందం 13 సెంటీమీటర్లు. ఆ రాయి సాంద్రతతో లెక్కేస్తే దగ్గరదగ్గర 570 కిలోలు. పక్క పలకల మందం 8 సెంటీమీటర్లే. ఈ రెండు అంకెలనీ పక్కపక్కన పెట్టి మొదటిరోజే ఆలోచించి ఉంటే నా మొదటి రిపోర్టు వేరేగా ఉండేది.

తూర్పు పలక మీద రెక్కల దేవదూత శిశువు ముఖం, దాని కింద ఇసుక గడియారం చెక్కి ఉన్నాయి. ఉత్తరపు పలక మీద అక్షరాలు. ఇది ఉన్ని బట్టల వ్యాపారి కుటుంబానిది. కాట్స్‌వోల్డ్స్ కొండల్లో, ముఖ్యంగా స్ట్రౌడ్ లోయలో, ఆ రోజుల్లో డబ్బంటే ఉన్నే. అక్కడి ఎర్ర బట్ట సైనికుల కోట్లకు వెళ్లేది. ఈస్టిండియా కంపెనీ కూడా గ్లాస్టర్‌షైర్ బట్ట కొని తూర్పు దేశాలకు పంపేది. మన నిఘంటువుల్లో 'సకలాతు' అన్న మాట ఉంది, మందపాటి ఉన్ని బట్ట అని అర్థం. తడిసిన గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని ఆ పలకను తుడుస్తున్నప్పుడు ఆ మాట గుర్తొచ్చి కాసేపు చెయ్యి ఆగింది. ఉన్నిని కాపాడుకోవడానికి అప్పట్లో ఇంగ్లండులో శవాన్ని కూడా ఉన్ని గుడ్డలోనే చుట్టాలని చట్టం చేశారు. 1666లో వచ్చింది, 1814 దాకా రద్దు కాలేదు. మీరితే 5 పౌండ్ల జరిమానా. ఇక్కడ పడుకున్నవాళ్లు తమ సరుకులోనే చుట్టుకుని మట్టిలోకి వెళ్లి ఉంటారు.

చెక్కిన తేదీలో సంవత్సరం 1731/2 అని ఉంది. రాతిపనివాడు తడబడ్డాడని చాలామంది అనుకుంటారు. తడబడలేదు. 1752కు ముందు ఇంగ్లండులో అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఆ మనిషి ఫిబ్రవరిలో పోయాడు. పాత లెక్కలో అది ఇంకా 1731, జనవరి నుంచి లెక్కపెట్టేవాళ్లకు 1732. రెండూ రాశాడు. ఇంత జాగ్రత్త తెలిసినవాడి పని అని అర్థమయ్యాక, పలక మీద ఏదైనా వింతగా కనిపిస్తే దాన్ని తప్పు అనే ముందు రెండుసార్లు ఆలోచించడం మొదలుపెట్టాను.

రాయి సంగతి. మన తాండూరు, కడప నాపరాళ్లు కూడా సున్నపురాళ్లే, కానీ గట్టిగా, నున్నగా ఉంటాయి. కాట్స్‌వోల్డ్స్ సున్నపురాయిని భూతద్దంలో చూస్తే చేప గుడ్ల లాంటి గుండ్రటి గింజలు అతుక్కుని కనిపిస్తాయి. జురాసిక్ కాలపు సముద్రంలో అడుగు పేరుకున్న రాయి ఇది. తవ్వినప్పుడు మెత్తగా ఉండి ఉలికి చక్కగా లొంగుతుంది, అందుకే అంత చెక్కుడు. రాయికి పడక ఉంటుంది, గనిలో పొరలుగా పడుకున్న దిశ. పడుకోబెట్టి కడితే పొరల మీద బరువు పడి గట్టిగా ఉంటుంది. పలకగా కోసి నిలబెడితే పొరలు కూడా నిలబడతాయి, పుస్తకంలో కాగితాల్లా ఒక్కొక్కటే బయటికి ఊడుతుంది. దక్షిణపు పలకకు జరిగింది అదే. ఎండ ఎక్కువ పడే వైపు అది.

మొదటి పరిశీలనకు రెండు రోజులు పట్టింది. ప్రతి ముఖాన్నీ కొలిచి గీశాం, ఫోటోలు తీశాం. చీకటి పడ్డాక టార్చి పక్కనుంచి వాలుగా కొట్టి అక్షరాలు చదివాం. పగటి వెలుగులో కనిపించని పదాలు ఆ నీడల్లో లేస్తాయి. వేలి గణుపుతో మెల్లగా తట్టి ఎక్కడ డొల్లగా మోగుతోందో సుద్దముక్కతో గుర్తు పెట్టాం. రసమట్టం పెట్టి చూస్తే పైపలక పొడవులో పడమటికి 38 మిల్లీమీటర్లు దిగింది. గబ్బిలాలున్నాయేమో చూడడానికి లైసెన్సున్న నిపుణుడు వచ్చి సందులోంచి సన్నని కెమెరా తీగ పంపాడు. బ్రిటన్‌లో గబ్బిలాలకు 1981 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. పాత సమాధుల సందుల్లో అవి తలదాచుకుంటాయి. ఇక్కడ లేవు. పైపలక మీద మాత్రం పసుపు, నారింజ, బూడిద రంగుల్లో లైకెన్, అంటే శిలీంధ్రమూ నాచూ కలిసి బతికే పొర, పరుచుకుని ఉంది. ఒక నారింజ వలయం 14 సెంటీమీటర్ల అడ్డం. ఏడాదికి మిల్లీమీటరో అంతకంటే తక్కువో పెరిగే ప్రాణి అది. దాన్ని ముట్టుకోవద్దని మొదటి పేజీలోనే రాశాను. చాలామంది శుభ్రం చేయడమంటే లైకెన్ గీకడం అనుకుంటారు. వైరు బ్రష్షూ ప్రెషర్ వాషరూ ఒక్క మధ్యాహ్నంలో చేసే నష్టం మూడు వందల ఏళ్ల వాన కూడా చేయలేదు.

నైరుతి మూలలో సికమోర్ అనే పెద్ద చెట్టు జాతి మొక్క ఒకటి నా బొటనవేలంత లావున లేచి ఉంది. వేరు పీఠం కిందకు వెళ్లింది. పలక ఉబ్బినది కూడా ఆ పక్కనే. ఆ వేరు పీఠాన్ని ఎత్తుతోంది, పలకను తోస్తున్నదీ అదే అని రాసేశాను. మొక్కను కొట్టి, పలకను ఉన్నచోటే స్టీలు పిన్నులతో బిగించి, సందులు సున్నంతో నింపితే చాలన్నాను. పైపలక ఎత్తనవసరం లేదన్నాను. తక్కువ చేయడం మంచిదని నేర్చుకున్నవాణ్ని, ఆ సూత్రాన్ని కారణం తెలియకముందే వాడేశాను.

అనుమతుల గురించి ఇక్కడ కాస్త చెప్పాలి, ఎందుకంటే ఇది బయటివాళ్లకు పెద్దగా తెలియదు. చర్చి ఆవరణలోని సమాధి చర్చిది కాదు. ఎవరి జ్ఞాపకార్థం కట్టారో వాళ్ల వారసులది. మూడు వందల ఏళ్ల తర్వాత వారసులెవరో ఎవరికి తెలుసు? వెతకాలి, వెతికినట్టు చూపించాలి. ఆ పైన, ఇది రెండో గ్రేడు లిస్టెడ్ కట్టడం, అంటే చట్టం రక్షించే పాత కట్టడాల జాబితాలో ఉన్నది. ఇంగ్లండ్ చర్చికి తన సొంత అనుమతి వ్యవస్థ ఉంది. 'ఫ్యాకల్టీ' అనే అనుమతి పత్రం కోసం కన్సిస్టరీ కోర్టుకు దరఖాస్తు చేయాలి. అక్కడ న్యాయమూర్తిని ఛాన్సలర్ అంటారు. ముందు డయోసీస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) సలహా సంఘం చూసి అభిప్రాయం రాస్తుంది. చర్చి తలుపు దగ్గర 28 రోజులు నోటీసు అతికించాలి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పవచ్చు. దీన్ని విసుగు వ్యవహారం అనేవాళ్లను చాలామందిని చూశాను. నేను అలా అనను. మట్టిలో ఉన్నవాళ్ల తరపున అడిగేవాడు ఎవడూ లేనప్పుడు ఆ 28 రోజులే వాళ్లకు వకీలు.

అనుమతి వచ్చింది. మే మొదటి వారంలో మొదలుపెట్టాం. సున్నం చలికి పనికిరాదు, ఉష్ణోగ్రత 5 డిగ్రీల కంటే తగ్గితే పట్టకుండా పాడైపోతుంది. అందుకే మా పనంతా వసంతం నుంచి శరదృతువు మొదటి దాకానే.

ముక్కలైన మూలను ముందు విడదీశాం. లోపలికి టార్చి వేసి చూడగానే నా రిపోర్టు తప్పని అర్థమైంది. సికమోర్ వేరు ఉంది, నిజమే, కానీ చిటికెన వేలంత. అది ఎత్తింది ఏమీ లేదు. పెట్టె మధ్యలో ఒకప్పుడు రెండు ఇటుక దిమ్మెలు ఉండేవి, పైపలక బరువు వాటి మీద నిలిచేలా. తూర్పుది సగం నిలబడి ఉంది. పడమటిది కుప్పకూలింది. దాని కింద మట్టి కుంగింది, ఇటుకల మధ్య సున్నం ఇసుకలా రాలిపోయింది. ఆ రోజు నుంచి 570 కిలోల్లో సగం, 8 సెంటీమీటర్ల మందం ఉన్న చెక్కుడు పలకల తలల మీదకు వచ్చింది. కట్టినవాడు ఆ పలకలను మొహం చూపడానికి పెట్టాడు. బరువు మోయడానికి కాదు. మోయలేక ఉబ్బింది దక్షిణపుది.

దానికి తోడు మరో రెండు విషయాలు. పలకల తలలను మూలల్లో కలుపుతూ ఇనుప పట్టీలు ఉన్నాయి. రాతిలో గాడి చెక్కి, పట్టీ పెట్టి, కరిగించిన సీసం పోసేవారు. సీసం పూర్తిగా చుట్టుకున్న చోట ఇనుము నిన్న పెట్టినట్టు నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. సీసం అందని చోట నీరు చేరి తుప్పు పట్టింది. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్ల చోటు కోరుకుంటుంది. ఆ బలానికి రాయి చీలుతుంది. మూల మూడు ముక్కలు కావడానికి కారణం అదే. రెండోది సిమెంటు. ఎప్పుడో ఎవరో మంచి ఉద్దేశంతో దర్జులన్నీ, అంటే రాళ్ల మధ్య అతుకులన్నీ, పోర్ట్‌లాండ్ సిమెంటుతో పూడ్చారు. లీడ్స్ తాపీ మేస్త్రి జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో దానికి పేటెంటు తీసుకున్నాడు, పోర్ట్‌లాండ్ రాయిలా కనిపిస్తుందని ఆ పేరు పెట్టాడు. గట్టిది, నీటిని వదలదు. పాత కట్టడంలో దర్జు రాయి కంటే మెత్తగా ఉండాలి, తడి దర్జులోంచి ఆరిపోవాలి. సిమెంటు ఆ తలుపు మూసేస్తే తడి రాతిలోంచి బయటికి రావాలి. ఉప్పులు తెచ్చి రాతి ముఖం వెనక పేర్చుతుంది. చలికాలం అది గడ్డకట్టి ముఖాన్ని తోసేస్తుంది.

పని ఆపాను. సలహా సంఘానికి మళ్లీ రాశాను: నేను రాసిన కారణం తప్పు, పైపలక ఎత్తాలి, లోపలి దిమ్మెలు మళ్లీ కట్టాలి. అనుమతి సవరణకు ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ సమాధి మీద టార్పాలిన్ కప్పి, చుట్టూ చెక్క దుంగల ఊత పెట్టి ఉంచాం. వార్డెన్‌గారికి ఫోన్ చేసి విషయం చెప్పినప్పుడు ఆవిడ ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడైనా చూశారుగా, సరే" అన్నారు. అప్పటినుంచి మూసి ఉన్న పెట్టె సమాధి దేనికైనా, కెమెరా తీగతో లోపల దిమ్మెలు చూడకుండా కారణం రాయడం మానేశాను. గబ్బిలాల కోసం పంపిన అదే తీగను ఇంకో అడుగు తిప్పి ఉంటే సరిపోయేది.

జులైలో ఎత్తాం. అల్యూమినియం గాంట్రీ (బరువులు వేలాడదీసే చట్రం), చైన్ పుల్లీ, వెడల్పాటి నైలాన్ పట్టాలు. లైకెన్ నలగకుండా పట్టాల కింద మందపాటి ఉన్ని గుడ్డ. చెక్క దుంగల మీద పక్కన దించాం, పగుళ్లు ఎక్కడ ఉన్నాయో ముందే తెలుసు కాబట్టి సరిగ్గా వాటి కింద ఆనిక పెట్టాం. పలకలు ఒక్కొక్కటిగా విప్పి, వెనక వైపు నంబర్లు వేశాం. వెనక వైపు మూడు వందల ఏళ్లుగా ఎవరూ చూడని రాతిపనివాడి ఉలి గీతలు ఉన్నాయి, వాలుగా, ఒకే లయలో. ఫోటోలు తీసి అలాగే వదిలాం.

దిమ్మెల కింద పునాదికి 15 సెంటీమీటర్లు తవ్వాలి. చేతి తాపీతో మాత్రమే, పురావస్తు నిపుణురాలు పక్కన కూర్చుని చూస్తుండగా. రెండో రోజు వేలి ఎముకలు రెండు, ఒక పక్కటెముక ముక్క వచ్చాయి. ఈ కుటుంబానివి కాకపోవచ్చు. చర్చి ఆవరణలో ఒకరి మీద ఒకరిని శతాబ్దాలుగా పూడ్చారు, ప్రతి కొత్త గుంటా పాతవాటిని కదిలిస్తుంది. పని ఆపి, వాటిని గుడ్డలో చుట్టి పెట్టాం. సాయంత్రం వికార్, ఆ చర్చి పాస్టరు, వచ్చి చిన్న ప్రార్థన చెప్పి, ఆ పక్కనే మట్టిలో పెట్టారు. అప్పుడు మా కుర్రాళ్లు ఇద్దరూ టోపీలు తీసి నిలబడ్డారు. నేనూ చెప్పులు విడిచాను, అలవాటు.

కొత్త దిమ్మెలు పాత ఇటుకలతోనే, లోటు పడ్డచోట చేతితో చేసిన ఇటుకలతో కట్టాం. మాలుకు నీటిలోనూ గట్టిపడే సహజ సున్నం, 3.5 రకం, ఒకటికి మూడు పాళ్ల ఇసుక. దిమ్మెల తలల మీద సీసపు పలక ముక్కలు. వాటి ఎత్తు పలకల తలల కంటే 6 మిల్లీమీటర్లు ఎక్కువ. ఈ కేసు మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన కొలత ఇదే. పైపలక మళ్లీ దించినప్పుడు బరువంతా దిమ్మెలకే పోతుంది. పలకలకూ దానికీ మధ్య ఉన్న 6 మిల్లీమీటర్ల సందులో మెత్తని సున్నం మాత్రమే ఉంటుంది. అది నీటిని ఆపుతుంది, బరువు మోయదు.

తుప్పు పట్టిన పట్టీలు నాలుగు తీశాం, సీసం చుట్టూ సన్నని డ్రిల్లుతో చిల్లులు వేసి మెల్లగా. మంచిగా ఉన్న రెండిటిని ముట్టుకోలేదు. కొత్తవి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. ముక్కలైన మూలను 6 మిల్లీమీటర్ల స్టీలు రాడ్లతో అతికించాం. రెసిన్ చిల్లు లోపలే, అంచు దాకా రానివ్వకుండా. అంచు వెంట సున్నం, తడి అటూ ఇటూ పోవడానికి. సిమెంటు చాలాచోట్ల ఉలి మొనకు తేలిగ్గా ఊడింది. ఉత్తరపు పీఠంలో 40 సెంటీమీటర్ల మేర రాతికి పళ్లలా పట్టుకుని ఉంది. తీస్తే సిమెంటు కంటే ఎక్కువ రాయి వచ్చేది. వదిలేశాం.

దర్జులకు నానబెట్టిన సున్నం, అదే జాతి రాతి పొడి, కొంచెం ఇటుక పొడి. మనవైపు డంగు సున్నం గానుగలో నూరిన సంగతి, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపిన సంగతి మా మేస్త్రికి చెప్పాను. ఆయన ఇంగ్లీషువాడు, ముప్పై ఏళ్లుగా సున్నంతో పనిచేస్తున్నాడు. వెంటనే ఎంత బెల్లం అని అడిగాడు. నాకు సరిగ్గా తెలియక సిగ్గేసింది. పూడ్చిన ప్రతి దర్జు మీదా తడి గోనె పట్టాలు కప్పి, పది రోజులు రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లాం. సున్నం త్వరగా ఆరితే బలం రాదు. ఎండిన దర్జుకీ పట్టిన దర్జుకీ తేడా తెలియనివాళ్లే సున్నం పనికిరాదంటారు.

పొరలు లేస్తున్న దక్షిణపు పలకకు, దేవదూత చెంపలకు పలుచని సున్నపు పూత వేశాం. సున్నం, మెత్తని రాతి పొడి, పాల నుంచి తీసిన కేసిన్. 1970లు, 80లలో వెల్స్ కెథడ్రల్ పడమటి ముఖం మీద రాబర్ట్ బేకర్ వాడి చూపించిన పద్ధతి ఇది. రాయికి బదులు తను అరిగిపోయే చర్మం. పదేళ్లకో పదిహేనేళ్లకో మళ్లీ వేయాలి. కొత్త రాయి ఒకేచోట పెట్టాం: పీఠం అంచు 20 సెంటీమీటర్ల మేర పోయి, నీళ్లు లోపలికి కారుతున్న చోట. దేవదూత ముక్కు మాత్రం చెక్కలేదు. నీటికి అవసరమైతే కొత్త రాయి పెడతాను, కంటికి కావాలంటే పెట్టను.

అక్షరాల మీద మాత్రం గట్టిగా వాదన జరిగింది. ఉత్తరపు పలకలో కింది నాలుగు వరుసలు దాదాపు పోయాయి. పారిష్ సంఘంలో, అంటే ఆ ఊరి చర్చి సంఘంలో, కొందరు మళ్లీ లోతుగా చెక్కించాలన్నారు, డబ్బు తామే ఇస్తామన్నారు. వాళ్ల ప్రేమ నిజమైనదే. కానీ మళ్లీ చెక్కితే మిగిలిన పాత గీతలు పోతాయి. ఆ తర్వాత ఉండేది మన చేతిరాత, మన ఊహ. విలియం మోరిస్, ఆయన మిత్రులు 1877లో పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టింది ఇలాంటి గీకుడును ఆపడానికే. అయితే వద్దని చెప్పి ఊరుకుంటే సరిపోదు, పోయిన పదాలు ఎక్కడినుంచైనా తేవాలి. రాల్ఫ్ బిగ్‌ల్యాండ్ అని ఒకాయన ఉండేవాడు, 1784లో పోయాడు. వంశచిహ్నాల వ్యవహారం చూసే అధికారుల్లో పెద్దదైన గార్టర్ కింగ్ ఆఫ్ ఆర్మ్స్ పదవి దాకా వెళ్లినవాడు. గ్లాస్టర్‌షైర్ చర్చిల్లో, చర్చి ఆవరణల్లో రాళ్ల మీది రాతలు ఊరూరా సేకరించాడు. ఆయన పోయాక కొడుకు వాటిని అచ్చు వేయించాడు. ఈ ఊరి పేజీలో మన కుటుంబం ఉంది. పోయిన వరుసల్లో రెండు పసిపిల్లల పేర్లు, వాళ్ల వయసు నెలల్లో. అవి రాసి, చర్చి లోపల గోడకు ఒక చిన్న పలక పెట్టించాం. చెక్కించాలని అందరికంటే గట్టిగా పట్టుబట్టిన పెద్దాయన అది చదివి, రాతి దగ్గరకు వెళ్లి చాలాసేపు నిలబడ్డాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

సెప్టెంబరు రెండో వారంలో పైపలక దించాం. వాలిన తలం సరిచేయడానికి మొత్తం 38 మిల్లీమీటర్లూ ఎత్తలేదు. నీళ్లు నిలవకుండా పడమటికి 5 మిల్లీమీటర్ల వాటం ఉంచాం. పీఠంలో రెండుచోట్ల దర్జు పూడ్చకుండా వదిలాం, లోపల గాలి ఆడడానికి. ఉత్తరం వైపు ఐవీ తీగను మొదట్లో కోసి అలాగే వదిలాం. పచ్చిగా లాగితే వేళ్లతో పాటు రాతి పొర వస్తుంది. ఏడాది తర్వాత ఎండిపోయాక చేత్తో తీశాం.

రెండు చలికాలాలు గడిచాక మార్చిలో వెళ్లాను. ఉత్తరపు దర్జులో వెంట్రుకంత బీట ఒకటి. కొలిచి, తేదీ రాసుకుని వదిలేశాను, పెరిగితే చూద్దాం. దక్షిణపు పలక మీద సుద్ద గుర్తులు పెట్టిన చోట్ల మళ్లీ తట్టాను, డొల్ల శబ్దం పెరగలేదు. నారింజ లైకెన్ వలయం చెక్కుచెదరలేదు. టేపు లేదు. నైరుతి మూలలో సికమోర్ మొలకలు రెండు, నాలుగేసి ఆకులతో. వార్డెన్‌గారు వంగలేకపోయారు, నేను పీకి ఆవిడ చేతిలో పెట్టాను.